కేంద్రకం లేని కణంలో హీమోగ్లోబిన్ ఎలా తయారవుతుంది?

తూనీగ — ఇంటర్ బైపీసీ విద్యార్థిని

అందరికీ నమస్కారం. డీఎన్‌ఏ కేంద్రకంలో ఉంటుందని, దాని నుంచి మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ తయారై బయటకు వస్తుందని, రైబోజోమ్ దాన్ని చదువుతూ అమైనో ఆమ్లాలను వరుసగా కలుపుతుందని పాఠంలో చదువుకున్నాను. ఈమధ్య మా అమ్మగారి రక్తపరీక్ష రిపోర్టులో రెటిక్యులోసైట్ అనే మాట కనిపించింది. అది అప్పుడే ఎముక మజ్జ నుంచి రక్తంలోకి వచ్చిన లేత ఎర్ర రక్తకణమని, అందులో కేంద్రకం ఉండదని, అయినా హీమోగ్లోబిన్ తయారీ కొంతకాలం సాగుతూనే ఉంటుందని డాక్టరుగారు వివరించారు.

అక్కడే నాకు సందేహం వచ్చింది. కేంద్రకం పోతే దానితోపాటు డీఎన్‌ఏ కూడా పోయినట్టే కదా. మరి ఏ ప్రోటీన్ తయారు చేయాలో ఆ కణానికి తెలిసేది ఎలాగ? ఆ సమాచారం ఏదో ఒక రూపంలో మిగిలి ఉంటే అది ఎన్నాళ్లు మిగులుతుంది? నిర్వచనాలు పుస్తకంలో ఉన్నాయి కాబట్టి, ఈ సంగతులు శాస్త్రవేత్తలకు ఎలా తెలిశాయో పెద్దలు చెబితే నాకు ఎక్కువ ఉపయోగంగా ఉంటుంది.

వేపచెట్టు — పాథాలజీ ల్యాబ్ టెక్నీషియన్

తూనీగ గారూ, ఆ మిగిలిన సమాచారం ఆనవాలును మేము రోజూ మైక్రోస్కోపు కింద చూస్తూనే ఉంటాం. ముందు అది ఎలా కనిపిస్తుందో చెబుతాను, మిగతాది చదువుకున్నవారు చెబుతారు.

రెండు మూడు చుక్కల రక్తానికి దాదాపు అంతే న్యూ మిథిలీన్ బ్లూ రంగు కలిపి, 37 డిగ్రీల వేడిలో సుమారు పావుగంట ఉంచి, మళ్లీ మెల్లగా కలిపి స్లైడు మీద పలుచగా స్మియర్ తీస్తాం. మామూలు స్మియర్‌కు చేసినట్టు కణాలను ముందుగా మిథనాల్‌తో ఫిక్స్ చేయకూడదు. కణం సజీవంగా ఉండగానే రంగు లోపలికి వెళ్లాలి. స్మియర్ ఆరాక ఆయిల్ వేసి నూరు రెట్ల లెన్సుతో చూస్తే, ముదిరిన ఎర్ర కణాలు ఏ గుర్తూ లేకుండా లేత పచ్చటి నీలిఛాయలో కనిపిస్తాయి. వాటి మధ్య అక్కడక్కడా కొన్ని కణాలలో ముదురు నీలం నూలుపోగుల వంటి వల కనిపిస్తుంది. అవే రెటిక్యులోసైట్లు. బాగా లేతవాటిలో ఆ వల దట్టంగా ముద్దకట్టి ఉంటుంది, ముదురుతున్నవాటిలో రెండు మూడు చుక్కలే మిగులుతాయి. పెద్దవారిలో మొత్తం ఎర్ర కణాలలో ఇవి సాధారణంగా 0.5 నుంచి 2.5 శాతం వరకు ఉంటాయి.

ఆ నీలం వల కేంద్రకం ముక్క కాదు. కణంలో ఇంకా ఉన్న రైబోజోములను, వాటిలోని ఆర్‌ఎన్‌ఏను ఆ రంగు ఒకచోట పేరుకునేలా చేయడం వల్ల అది కనిపిస్తుంది. అందులో అధికభాగం రైబోజోములకు చెందిన ఆర్‌ఎన్‌ఏ. మీరు అడుగుతున్న మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ వాటా చాలా తక్కువ. కానీ హీమోగ్లోబిన్ తయారీకి కావలసిన సామగ్రి అంతా కేంద్రకం వెళ్లిపోయాక కూడా అక్కడే ఉందని చెప్పడానికి ఆ వల చాలు.

నల్లమల — విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు

అమ్మా తూనీగా, నీ ప్రశ్న చిన్నదేమీ కాదు. డీఎన్‌ఏలో ఉన్న సూచన వేరు, ఆ సూచనను మోసుకువెళ్లి పని జరిగే చోట ఉంచే అణువు వేరు అన్న సంగతి ఈనాడు పాఠంలో ఒక్క వాక్యంగా కనిపిస్తుంది కానీ, 1950ల చివరి వరకూ అది తేలలేదు. రైబోజోముల మీదే ప్రోటీన్లు తయారవుతాయని అప్పటికే తెలుసు. అందువల్ల ప్రతి రైబోజోమూ తనలోని ఆర్‌ఎన్‌ఏలోనే ఒక ప్రత్యేకమైన ప్రోటీన్‌కు సంబంధించిన సూచనను శాశ్వతంగా దాచుకుని ఉంటుందని, అంటే ఒక్కో జన్యువుకు ఒక్కో రకం రైబోజోమ్ ఉంటుందని, చాలామంది భావించేవారు.

ఆ భావనకు రెండు చిక్కులు ఎదురయ్యాయి. ఒక బాక్టీరియా నుంచి మరొక బాక్టీరియాకు డీఎన్‌ఏలోని క్షారాల, అంటే దాని నాలుగు రకాల అక్షరాల, నిష్పత్తి బాగా మారుతుంది, కానీ రైబోజోముల ఆర్‌ఎన్‌ఏలో ఆ నిష్పత్తి పెద్దగా మారదు. రెండోది పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆర్థర్ పార్డీ, ఫ్రాన్స్వా జాకబ్, జాక్ మోనో కలిసి చేసిన ప్రయోగంలో బయటపడింది. లాక్టోజ్‌ను విడగొట్టే ఎంజైమ్ జన్యువు లేని బాక్టీరియాలోకి ఆ జన్యువు ప్రవేశించగానే, కొన్ని నిమిషాల్లోనే ఎంజైమ్ తయారీ పూర్తి వేగంతో మొదలైంది. కొత్త రైబోజోములు తయారై, అవి పోగుపడి, ఆ తర్వాత పని మొదలవాలంటే అంత వేగం సాధ్యం కాదు. మధ్యలో త్వరగా పుట్టి త్వరగా నశించే అణువు ఏదో ఉండాలి.

1960 ఏప్రిల్‌లో గుడ్ ఫ్రైడే నాడు కేంబ్రిడ్జిలో జాకబ్ ఈ ఫలితాలను వివరిస్తుండగా సిడ్నీ బ్రెన్నర్‌కూ, ఫ్రాన్సిస్ క్రిక్‌కూ పాత పరిశోధన ఒకటి గుర్తుకు వచ్చింది. 1956లో అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో ఎలియట్ వోల్కిన్, లాజరస్ అస్ట్రాకన్ అనే ఇద్దరు, ఫేజ్ వైరస్ సోకిన బాక్టీరియాలో స్వల్పంగా పుట్టే కొత్త ఆర్‌ఎన్‌ఏ క్షారాల నిష్పత్తిలో ఆ వైరస్ డీఎన్‌ఏనే పోలి ఉందని గమనించారు. నాలుగేళ్లపాటు దాని అర్థం ఎవరికీ పట్టుబడలేదు. ఆ రోజు ఆ రెండు సంగతులూ ఒకచోట కలిశాయి.

ఇక ప్రయోగంతో రుజువు చేయవలసి వచ్చింది. అదే ఏడాది వేసవిలో బ్రెన్నర్, జాకబ్ కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌కు వెళ్లి మాథ్యూ మెసెల్సన్‌తో కలిసి పనిచేశారు. బరువైన నత్రజని, బరువైన కార్బన్ ఐసోటోపులు ఉన్న ద్రావణంలో బాక్టీరియాను పెంచితే వాటి రైబోజోములు బరువుగా తయారవుతాయి. ఆ బాక్టీరియాకు ఫేజ్‌ను సోకించి, వెంటనే మామూలు ద్రావణంలోకి మార్చి, ఆ తర్వాత పుట్టే కొత్త ఆర్‌ఎన్‌ఏకు రేడియోధార్మిక ఫాస్ఫరస్ గుర్తు పెట్టారు. ఫేజ్ తన కోసం కొత్త రైబోజోములను తయారు చేయించుకుంటే కొత్త ఆర్‌ఎన్‌ఏ తేలిక రైబోజోములతో కనిపించాలి, ఉన్నవాటినే వాడుకుంటే పాత బరువు రైబోజోములతో కనిపించాలి. సీజియం క్లోరైడ్ ద్రావణంలో వేగంగా తిప్పి వేరు చేయబోతే మొదట్లో రైబోజోములు విడిపోతూ వచ్చాయి; అవి నిలవడానికి మెగ్నీషియం చాలడం లేదని బ్రెన్నర్‌కు తట్టి, మోతాదు బాగా పెంచాక ఫలితం వచ్చింది. కొత్త ఆర్‌ఎన్‌ఏ పాత బరువు రైబోజోముల మీదే ఉంది. మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ, అంటే సందేశం, అదే. 1961 మే నెలలో ఈ ఫలితం ప్రచురితమైంది.

రైబోజోమ్‌కు తనదంటూ ఏ ప్రోటీన్ మీదా పక్షపాతం లేదు. ఏ సందేశం వస్తే దాన్నే చదువుతుంది. వేపచెట్టు గారి స్లైడు మీద కనిపించే లేత కణంలో డీఎన్‌ఏ వెళ్లిపోయినా పని ఆగకపోవడానికి కారణం అదే, సందేశం అంతకు ముందే కేంద్రకం దాటి వచ్చేసింది.

గోదారిగట్టు — అణుజీవశాస్త్ర పరిశోధక విద్యార్థి

నల్లమల మాస్టారు చెప్పిన ప్రయోగం బాక్టీరియాలో జరిగింది. బాక్టీరియాకు కేంద్రకమే ఉండదు. సందేశం ఇంకా పూర్తిగా రాయబడకముందే రైబోజోములు దాన్ని చదవడం మొదలుపెడతాయి, చాలా సందేశాలు కొద్ది నిమిషాల్లోనే విరిగిపోతాయి. మన ఎర్ర కణం కథ ఇందుకు భిన్నం కాబట్టి దాని గురించి విడిగా చెప్పవలసి ఉంది.

హీమోగ్లోబిన్ అణువులో రెండు ఆల్ఫా, రెండు బీటా ప్రోటీన్ గొలుసులు ఉంటాయి. ఈ గొలుసులనే గ్లోబిన్ అంటారు. బీటా గొలుసు జన్యువు 11వ క్రోమోజోమ్ మీద, ఆల్ఫా జన్యువులు 16వ క్రోమోజోమ్ మీద ఉన్నాయి. బీటా జన్యువు సుమారు 1,600 అక్షరాల పొడవు. మజ్జలో ఎర్ర కణంగా మారబోయే కణానికి ఇంకా కేంద్రకం ఉన్నప్పుడే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ అనే ఎంజైమ్ ఆ జన్యువును మొదటి నుంచి చివరి వరకు అనులేఖనం చేస్తుంది, అంటే ఆర్‌ఎన్‌ఏ రూపంలో ప్రతి తీస్తుంది, థైమిన్ రావలసిన చోట యురాసిల్ పెడుతుంది. అలా వచ్చిన తొలి ప్రతి ఉన్నదున్నట్టు పనికిరాదు. దానిలో ప్రోటీన్‌తో సంబంధం లేని రెండు భాగాలు, ఒకటి 130 అక్షరాలది, మరొకటి 850 అక్షరాలది, మధ్యలో ఉంటాయి. వీటిని ఇంట్రాన్లు అంటారు. కేంద్రకంలోనే వాటిని కత్తిరించి, మిగిలిన మూడు ముక్కలను ఒక్క అక్షరం కూడా అటూ ఇటూ కాకుండా అతకాలి. తొలి కొసకు ఒక రక్షక టోపీ, చివరి కొసకు వరుసగా అడినిన్లతో తోక చేరుతాయి. అప్పుడు గానీ ఆ సందేశం కేంద్రకపు రంధ్రం గుండా బయటకు రాదు. తోకను లెక్కలోకి తీసుకోకపోతే దాని పొడవు సుమారు 626 అక్షరాలు.

గ్లోబిన్ సందేశాల ప్రత్యేకత వాటి మన్నిక. మన కణాలలో కొన్ని సందేశాలు అరగంటలోపే విరిగిపోతాయి. గ్లోబిన్ సందేశం రోజుకు పైగా నిలుస్తుంది. ఆల్ఫా గ్లోబిన్ సందేశం చివరి భాగంలో సైటోసిన్లు ఎక్కువగా ఉన్న ఒక చోటును కొన్ని ప్రోటీన్లు పట్టుకుని ఉండటం ఇందుకు ఒక కారణం. కేంద్రకం బయటకు పోయేనాటికి కణద్రవ్యంలో ఉన్న సందేశాలలో అత్యధికం గ్లోబిన్‌వే. తూనీగ గారు ఎన్నాళ్లు మిగులుతుందని అడిగారు కదా. రెటిక్యులోసైట్ మజ్జలో రెండు మూడు రోజులు, రక్తంలోకి వచ్చాక సుమారు ఒక రోజు ఆ స్థితిలో ఉంటుంది. అప్పటికి ఆర్‌ఎన్‌ఏ, రైబోజోములు, మైటోకాండ్రియాలు అన్నీ తొలగిపోతాయి. ఆ తర్వాత బతికే సుమారు 120 రోజులలో ఆ కణం ఒక్క ప్రోటీన్‌ను కూడా కొత్తగా తయారు చేసుకోలేదు. ఒక్కో కణంలో ఉండే సుమారు 27 కోట్ల హీమోగ్లోబిన్ అణువులూ అంతకు ముందే తయారై ఉండాలి.

తూనీగ

నల్లమల మాస్టారికి, గోదారిగట్టు గారికి, వేపచెట్టు గారికి ధన్యవాదాలు. ఇంకొక్క విషయం అడుగుతాను. మూడేసి అక్షరాలు ఒక కోడాన్ అని, ఒక్కో కోడాన్‌కు ఒక అమైనో ఆమ్లం అని చదివాను. కానీ జిఎజి (గ్వానిన్, అడినిన్, గ్వానిన్) అనే మూడు అక్షరాలకూ గ్లుటామిక్ ఆమ్లానికీ రసాయనికంగా ఏ పోలికా కనిపించదు. ఆ అక్షరాలను చూసి సరైన ఆమ్లాన్ని ఎంచుకునేది రైబోజోమేనా?

నల్లమల

కాదమ్మా. రైబోజోమ్ అమైనో ఆమ్లాన్ని దాదాపు చూడనే చూడదని చెప్పవచ్చు. దీనికి మధ్యవర్తి ఒకటి ఉండాలని 1955లోనే క్రిక్ ఊహించాడు. కొన్నేళ్లలో పాల్ జామెక్నిక్, మహ్లాన్ హోగ్లాండ్ బృందం ఆ అణువును పట్టుకుంది. అదే ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏ. దానికి ఒక కొసన అమైనో ఆమ్లం అతుక్కుని ఉంటుంది, మరొక వైపు కోడాన్‌తో జతకట్టే మూడు అక్షరాలు ఉంటాయి. ఏ ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏకు ఏ ఆమ్లం అతకాలో నిర్ణయించేవి ఇరవై రకాల ఎంజైములు. జన్యుసంకేతానికి అర్థం తెలిసినవి ఏవైనా ఉన్నాయంటే అవి ఈ ఎంజైములే.

దీన్ని రుజువు చేసిన ప్రయోగం నాకు ఎంతో ఇష్టమైనది. 1962లో ఫ్రాన్స్వా చాప్‌విల్, తదితరులు సిస్టీన్ అనే ఆమ్లాన్ని దాని ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏకు సక్రమంగా అతికించి, ఆ తర్వాత రానే నికెల్ అనే ఉత్ప్రేరకంతో సిస్టీన్‌లోని గంధకాన్ని తొలగించారు. గంధకం పోతే సిస్టీన్ అలనిన్ అవుతుంది. ఇప్పుడు సిస్టీన్ కోడాన్‌ను గుర్తించే ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏ అలనిన్‌ను మోస్తోంది. రైబోజోమ్ దాన్ని తిరస్కరిస్తుందా, సిస్టీన్ స్థానంలో అలనిన్‌ను పెట్టేస్తుందా? పెట్టేసింది. మరుసటి ఏడాది వాన్ ఎరెన్‌స్టైన్, వైస్‌బ్లమ్, బెంజర్ ఇదే పరీక్షను కుందేలు రెటిక్యులోసైట్ల సారంలో చేస్తే, హీమోగ్లోబిన్‌లో సిస్టీన్ ఉండవలసిన చోట అలనిన్ వచ్చి కూర్చుంది. నువ్వు అడిగిన కణమే ఈ ప్రశ్నకు కూడా సమాధానం ఇచ్చిందని గమనించు.

ఏ కోడాన్‌కు ఏ ఆమ్లం అన్నది తేల్చిన కథ పాఠంలో ఉంది కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 1961 మే 27 తెల్లవారుజామున అమెరికాలోని బెథెస్డాలో హైన్‌రిచ్ మథాయ్ కేవలం యురాసిల్లతో కూడిన ఆర్‌ఎన్‌ఏను బాక్టీరియా సారంలో కలిపి, ఫినైల్ అలనిన్ మాత్రమే ఉన్న గొలుసును పొందాడు. ఆ ప్రయోగశాల మార్షల్ నిరెన్‌బర్గ్‌ది. అవిభక్త భారతదేశంలో పుట్టిన హర్‌గోవింద్ ఖొరానా విస్కాన్సిన్‌లో నిర్ణీత క్రమం గల ఆర్‌ఎన్‌ఏలను సంశ్లేషించాడు. యురాసిల్, సైటోసిన్ ఒకదాని తర్వాత ఒకటి వచ్చే ఆర్‌ఎన్‌ఏ సెరీన్, ల్యూసిన్ ఒకదాని తర్వాత ఒకటి ఉన్న గొలుసునే ఇచ్చింది. మూడేసి అక్షరాల లెక్కకు అంతకంటే తేటతెల్లమైన సాక్ష్యం ఉండదు. 1968లో నోబెల్ బహుమతి నిరెన్‌బర్గ్, ఖొరానాలతోపాటు, ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏ అక్షరక్రమాన్ని మొదటిసారి పూర్తిగా చదివిన రాబర్ట్ హోలీకి దక్కింది.

గోదారిగట్టు

మాస్టారు రెటిక్యులోసైట్ల ప్రస్తావన తెచ్చారు కాబట్టి మరో రెండు సంగతులు చేర్చాలి. కుందేలు రెటిక్యులోసైట్లు ఆ రోజుల్లో ఈ రంగానికి చేసిన మేలు అంతా ఇంతా కాదు, ఎందుకంటే అవి దాదాపు ఒకే ప్రోటీన్‌ను తయారు చేస్తాయి, కొత్త సందేశాలను రాయలేవు. 1961లో హోవర్డ్ డింట్జిస్ వాటిని 15 డిగ్రీలకు చల్లబరిచి పనిని నెమ్మదింపజేసి, రేడియోధార్మిక ల్యూసిన్‌ను కొన్ని నిమిషాలు మాత్రమే ఇచ్చి, పూర్తయిన గొలుసులలో ఆ గుర్తు ఎక్కడ చేరిందో చూశాడు. గొలుసు చివరి కొసన గుర్తు ఎక్కువగా, మొదటి కొసన తక్కువగా కనిపించింది. గొలుసు ఒక కొస నుంచి మరొక కొసకు వరుసగా పెరుగుతుందని అలా తేలింది.

రెండేళ్ల తర్వాత జొనాథన్ వార్నర్, పాల్ నాఫ్, అలెగ్జాండర్ రిచ్ అవే కణాల పదార్థాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూస్తే, రైబోజోములు విడివిడిగా కాక గుంపులుగా, ఎక్కువసార్లు అయిదేసి చొప్పున, సన్నని పోగు మీద కనిపించాయి. ఆ పోగే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ. ఒకే బాట మీద ఒకదాని వెనుక ఒకటి సాగే ఎడ్లబండ్ల మాదిరిగా అయిదు రైబోజోములు ఒకే సందేశాన్ని వేర్వేరు చోట్ల చదువుతూ వెళ్తాయి. ముందున్నదాని నుంచి వేలాడే గొలుసు దాదాపు పూర్తయి ఉంటుంది, వెనుకదాని గొలుసు అప్పుడే మొదలై ఉంటుంది. కేంద్రకం లేని కణం తన దగ్గర మిగిలిన కొద్దిపాటి సందేశాలతో అంత హీమోగ్లోబిన్ ఎలా చేయగలదన్నదానికి ఇది సగం జవాబు.

వేపచెట్టు

ఇక్కడ నా పని నుంచి ఒక ప్రశ్న అడగాలనుకుంటున్నాను. ఐరన్ తక్కువైనవారి స్మియర్‌లో ఎర్ర కణాలు చిన్నవిగా, మధ్యలో తెల్లగా కనిపిస్తాయి. ఐరన్ కావలసింది గొలుసులో ఇమిడి ఆక్సిజన్‌ను పట్టుకునే హీమ్ అనే భాగానికి. గ్లోబిన్ గొలుసుకు అది అక్కర్లేదు. సందేశం ఉంది, రైబోజోములు ఉన్నాయి. అలాంటప్పుడు హీమ్ లేని గ్లోబిన్ గొలుసులు కణంలో కుప్పలుగా పేరుకోవాలి కదా. అలా ఎందుకు జరగదు?

గోదారిగట్టు

వేపచెట్టు గారూ, పేరుకుంటే కణానికి హాని కాబట్టి దాన్ని ఆపే ఏర్పాటు ఒకటి ఉంది. లేత ఎర్ర కణాలలో హెచ్‌ఆర్‌ఐ అనే ఎంజైమ్ ఉంటుంది. హీమ్ తగినంత ఉన్నంతకాలం అది హీమ్‌ను పట్టుకుని నిద్రాణంగా ఉంటుంది. హీమ్ తగ్గగానే మేల్కొని, రైబోజోమ్ పని మొదలుపెట్టడానికి అవసరమైన ఈఐఎఫ్2 అనే ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. దాంతో కొత్త గొలుసులు మొదలుకావడం తగ్గిపోతుంది. సందేశం చెక్కుచెదరకుండా అక్కడే ఉంటుంది, దాన్ని చదవడం మాత్రమే ఆగుతుంది. ఐరన్ లోపంలో కణాలు పాలిపోయి, చిన్నవిగా ఉండటానికి ఇది ముఖ్యమైన కారణాలలో ఒకటి. జన్యువు ఆజ్ఞ ఇచ్చింది కాబట్టి ప్రోటీన్ వచ్చి తీరుతుందని అనుకునేవారికి నేను ఎప్పుడూ చూపే ఉదాహరణ ఇదే. ఆజ్ఞకూ అమలుకూ మధ్య కణం తన పరిస్థితిని చూసుకుంటుంది.

మన్యంబడి — ఏజెన్సీ ప్రాంత ఉపాధ్యాయుడు

ఈ చర్చను మొదటి నుంచి శ్రద్ధగా చదువుతున్నాను. మా బడి పిల్లలలో కొందరికి సికిల్ సెల్ వ్యాధి ఉంది, అంతకంటే ఎక్కువమంది ఆ జన్యువు ఒక్కటే ఉండి జబ్బు లేని వాహకులు. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమంలో భాగంగా గిరిజన ప్రాంతాలలో నలభై ఏళ్లలోపువారికి పరీక్షలు జరుగుతున్నందువల్ల ఇప్పుడు తల్లిదండ్రులు కార్డులు పట్టుకుని వచ్చి నన్ను అర్థం అడుగుతున్నారు. ఒక పిల్లవాడి జన్యుపరీక్ష రిపోర్టులో 7వ స్థానంలో మార్పు అని ఉంది. పుస్తకాలన్నీ 6వ స్థానం అంటాయి. రిపోర్టు తప్పని వాళ్లు కంగారుపడుతున్నారు. రెండింటిలో ఏది సరైనదో, పిల్లలకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలో దయచేసి తెలపండి.

గోదారిగట్టు

మాస్టారూ, రెండూ సరైనవే. వాళ్లను కంగారుపడవద్దని చెప్పండి. కారణం మనం ఇంతసేపూ మాట్లాడుకున్న సందేశంలోనే ఉంది. బీటా గ్లోబిన్ సందేశంలో ప్రోటీన్ మొదలయ్యే చోట అక్షరాలు ఈ క్రమంలో ఉంటాయి: ఎయుజి, జియుజి, సిఎయు, సియుజి, ఎసియు, సిసియు, జిఎజి, జిఎజి. రైబోజోమ్ వీటిని మెథియోనిన్, వాలిన్, హిస్టిడిన్, ల్యూసిన్, త్రియోనిన్, ప్రోలిన్, గ్లుటామిక్ ఆమ్లం, గ్లుటామిక్ ఆమ్లం అని చదువుతుంది. ప్రతి గొలుసూ మెథియోనిన్‌తోనే మొదలవుతుంది కానీ, బీటా గొలుసు కాస్త పెరగగానే ఒక ఎంజైమ్ ఆ మెథియోనిన్‌ను తుంచేస్తుంది. అందువల్ల పూర్తయిన గొలుసులో 146 ఆమ్లాలే ఉంటాయి, మొదటిది వాలిన్ అవుతుంది. 1950లలో ప్రోటీన్‌ను నేరుగా పరిశీలించినవారు వాలిన్ నుంచి లెక్కపెట్టి 6 అన్నారు. ఇప్పటి జన్యుపరీక్షలు సందేశం మొదటి కోడాన్ నుంచి లెక్కపెట్టి 7 అంటున్నాయి.

మారింది ఒక్క అక్షరం. ఆ స్థానంలోని జిఎజి కాస్తా జియుజి అవుతుంది. గ్లుటామిక్ ఆమ్లం రావలసిన చోట వాలిన్ వస్తుంది. మొదటిది నీటితో కలిసేది, ఋణావేశం ఉన్నది. రెండోది నీటికి దూరంగా జరిగేది. ఆక్సిజన్ వదిలేసిన హీమోగ్లోబిన్ అణువులో ఈ వాలిన్ పక్క అణువులోని ఒక గుంటలో ఇమిడిపోయి, అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడవైన కడ్డీలుగా పేరుకుంటాయి, కణం కొడవలిలా వంగుతుంది. ఈ తేడా ఒకే ఒక్క అమైనో ఆమ్లంలో ఉందని కేంబ్రిడ్జిలో వెర్నన్ ఇంగ్రమ్ 1956, 1957 సంవత్సరాలలో తేల్చాడు. అప్పటికి సంకేతంలోని ఒక్క కోడాన్ కూడా ఎవరికీ తెలియదు.

పిల్లలకు ఒక సంగతి తప్పక చెప్పండి. వారి కణాలలో అనులేఖనం సరిగానే జరుగుతోంది, అతుకులు సరిగానే పడుతున్నాయి, ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏ సరైన ఆమ్లాన్నే తెస్తోంది. యంత్రాంగంలో ఏ లోపమూ లేదు. తనకు అందిన అక్షరాలను అది నమ్మకంగా చదువుతోంది.

నల్లమల

దీన్ని తలసీమియా అనే మరో వారసత్వ రక్తవ్యాధితో పోల్చి చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. సికిల్ సెల్‌లో గొలుసు తగినంత తయారవుతుంది కానీ దాని గుణం మారుతుంది. బీటా తలసీమియాలో గొలుసే చాలినంత తయారు కాదు. మన దేశంలో బీటా తలసీమియాకు అన్నిటికంటే ఎక్కువగా కనిపించే మార్పు మొదటి ఇంట్రాన్‌లో అయిదో అక్షరం గ్వానిన్ బదులు సైటోసిన్ కావడం. ఆ అక్షరం ఏ అమైనో ఆమ్లానికీ చెందదు, చివరి సందేశంలో అది ఉండనే ఉండదు. అయినా కత్తిరించవలసిన చోటును గుర్తించడానికి అది అవసరం. అది మారితే కేంద్రకంలోని కత్తెర తడబడి పక్కచోట్ల కత్తిరిస్తుంది, పనికివచ్చే సందేశాలు బాగా తగ్గిపోతాయి. ఇంకొందరిలో 15వ కోడాన్‌లో యుజిజి అన్నది యుఎజిగా మారి, ట్రిప్టోఫాన్ రావలసిన చోట ఆపమనే ఆజ్ఞ వస్తుంది; గొలుసు మొదట్లోనే తెగిపోతుంది, అటువంటి సందేశాన్ని కణం గుర్తించి చాలావరకు ధ్వంసం చేస్తుంది.

ఈశాన్య రాష్ట్రాలలో, బెంగాల్‌లో ఎక్కువగా కనిపించే ‘హీమోగ్లోబిన్-ఇ’ అనే రకం మరీ విచిత్రం. 26వ కోడాన్‌లో జిఎజి ఎఎజి అయినందువల్ల గ్లుటామిక్ ఆమ్లం బదులు లైసిన్ వస్తుంది. అదే మార్పు వల్ల అక్కడ మామూలుగా పనిచేయని కత్తిరింపు స్థానం ఒకటి మేల్కొని సందేశాల సంఖ్య కూడా తగ్గుతుంది. ఒకే అక్షరం గుణాన్నీ మార్చింది, పరిమాణాన్నీ తగ్గించింది.

చలివేంద్రం — ఫార్మసీ ఉద్యోగి

నమస్కారం. కోవిడ్ టీకాలలో మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏనే నేరుగా శరీరానికి ఇచ్చారు కదా. అదే పద్ధతిలో సరైన బీటా గ్లోబిన్ సందేశాన్ని తయారు చేసి సికిల్ సెల్ పిల్లలకు ఇంజెక్షన్‌గా ఇవ్వకూడదా? ఇది సాధ్యమైతే ఇన్ని బాధలు ఎందుకు?

గోదారిగట్టు

చలివేంద్రం గారూ, మీ ఆలోచనకు మూలాధారం ఉంది. 1971లో జాన్ గుర్డన్ బృందం కుందేలు రెటిక్యులోసైట్ల నుంచి తీసిన గ్లోబిన్ సందేశాన్ని కప్ప అండకణంలోకి ఎక్కిస్తే, ఆ కణం కుందేలు గ్లోబిన్‌ను తయారు చేసింది. పరాయి సందేశాన్ని కూడా జీవకణం తనదిగా చదువుతుందని ఆనాడే తేలింది. కాటలిన్ కారికో, డ్రూ వైస్‌మన్ యురిడిన్‌ను మార్చి శరీరపు ప్రతిఘటనను తగ్గించవచ్చని 2005లో చూపారు, 2023లో వారికి నోబెల్ వచ్చింది. ఫైజర్, బయోఎన్‌టెక్ టీకాలోని సందేశానికి తొలి భాగాన్ని మనిషి ఆల్ఫా గ్లోబిన్ సందేశం నుంచే రూపొందించారు.

అయితే టీకాకు కొద్దిమొత్తంలో ప్రోటీన్, కొద్దికాలం కనిపిస్తే చాలు. రోగనిరోధక వ్యవస్థ దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. హీమోగ్లోబిన్ సంగతి అలా కాదు. మజ్జ సెకనుకు ఇరవై లక్షలకు పైగా ఎర్ర కణాలను తయారు చేస్తుంది, ఒక్కో కణంలో 27 కోట్ల అణువులు ఉండాలి. రెండు మూడు రోజుల్లో విరిగిపోయే సందేశాన్ని మజ్జలోని ప్రతి లేత కణానికీ జీవితాంతం అందిస్తూ ఉండాలి. పైగా సొంత జన్యువు నుంచి సికిల్ సందేశం వస్తూనే ఉంటుంది. రక్తంలో తిరిగే ముదిరిన ఎర్ర కణానికి ఇస్తే అసలు ఉపయోగమే లేదు, దానిలో చదవడానికి ఒక్క రైబోజోమ్ కూడా మిగలదు.

అందుకే వైద్యం సందేశం దగ్గర కాక దాని మూలం దగ్గరకు వెళ్లింది. 2023 నవంబరులో బ్రిటన్‌లో, డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందిన క్యాస్‌జెవీ చికిత్సలో రోగి రక్త మూలకణాలను బయటకు తీసి, క్రిస్పర్ అనే జన్యు కత్తిరింపు పద్ధతిలో బీసీఎల్11ఎ అనే జన్యువును ఎర్ర కణాలలో పనిచేయించే ఒక భాగాన్ని కత్తిరించి, తిరిగి ఎక్కిస్తారు. సికిల్ అక్షరాన్ని వారు దిద్దరు. గర్భస్థ శిశువులో పనిచేసి, పుట్టాక అణగిపోయే గామా గ్లోబిన్ జన్యువును బీసీఎల్11ఎ ప్రోటీన్ అణచివేస్తూ ఉంటుంది. ఆ అణచివేత తొలగితే గామా సందేశాలు మళ్లీ వస్తాయి, శిశు హీమోగ్లోబిన్ కడ్డీలు కట్టకుండా అడ్డుపడుతుంది. హైడ్రాక్సీయూరియా మాత్ర కూడా శిశు హీమోగ్లోబిన్‌ను పెంచే మందే, దాన్ని డాక్టరు పర్యవేక్షణలో ఏళ్ల తరబడి వాడవచ్చు. క్యాస్‌జెవీకి ముందు మజ్జను ఖాళీ చేసే బలమైన కీమోథెరపీ అవసరం, ఖర్చు చాలా ఎక్కువ. మన్యంబడి మాస్టారి బడి పిల్లలకు ఈనాడు అందుబాటులో ఉన్న మార్గం హైడ్రాక్సీయూరియానే.

మన్యంబడి

ధన్యవాదాలు. చివరిగా ఒకటి అడుగుతాను, ఎందుకంటే తల్లులు నన్ను ఇదే అడుగుతారు. అలాంటి చికిత్స చేయించుకున్నవారికి పుట్టే పిల్లలకు ఈ జబ్బు రాదా?

నల్లమల

మాస్టారూ, ఆ చికిత్స మారుస్తున్నది మజ్జలోని రక్త మూలకణాలను మాత్రమే. అండంలోకీ, వీర్యకణంలోకీ వెళ్లే బీటా జన్యువు ఎప్పటిలాగే ఉంటుంది. కాబట్టి చికిత్స పొంది ఆరోగ్యంగా ఉన్న వ్యక్తి కూడా తన సికిల్ జన్యువులలో ఒకదాన్ని ప్రతి బిడ్డకూ అందిస్తాడు. జీవిత భాగస్వామికి ఆ లక్షణం లేకపోతే పిల్లలందరూ వాహకులు మాత్రమే అవుతారు. భాగస్వామి కూడా వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం సగానికి సగం. ఇద్దరూ వాహకులే అయిన దంపతులలో అది నాలుగింట ఒక వంతు. మీ దగ్గరకు కార్డు తెచ్చే ప్రతి కుటుంబానికీ, పెళ్లి మాటలకు ముందే రెండు వైపులా ఆ కార్డులు చూసుకోమని, వాహకులుగా ఉండటం జబ్బు కాదని, పెళ్లి అయిపోయి ఉంటే గర్భం దాల్చిన తొలి నెలల్లోనే పరీక్ష కోసం డాక్టరును కలవమని చెప్పండి.